పిల్లల ఊబకాయ నివారణ: తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఒప్పుకున్న ప్రణాళిక

పిల్లల్లో ఊబకాయం అంటే వయసుకూ ఎత్తుకూ మించి ఒంట్లో కొవ్వు పేరుకోవడం. కంటితో చూసి తేల్చే విషయం కాదిది. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువుందా అని చూస్తారు. ఐదు దాటాక బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు) లెక్కగట్టి, అదే వయసు ఆడపిల్లల లేదా మగపిల్లల చార్టుతో పోలుస్తారు. పెద్దవాళ్లకు వాడే అంకెలను నేరుగా పిల్లలకు వాడకూడదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో సవరించిన చార్టుల ప్రకారం, పెద్దయ్యాక 23 బీఎంఐకి చేరే గీత దాటితే అధిక బరువు, 27కు చేరే గీత దాటితే ఊబకాయం. భారతీయుల ఒంట్లో తక్కువ బరువుకే కొవ్వు ఎక్కువగా చేరుతుంది కాబట్టి గీతలను ఇలా కిందికి దించారు. ఇక్కడి శిశువులు తక్కువ బరువుతో పుట్టినా వాళ్లలో కండ తక్కువ, కొవ్వు వాటా ఎక్కువ అని పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపించింది.

తప్పు పిల్లలది కాదు అన్నది ఈ ప్రణాళికకు మొదటి సూత్రం. మిగతావన్నీ దీన్నుంచి వచ్చేవే. ఏడేళ్ల పిల్ల సరుకులు కొనదు, వంట చేయదు, బడి టైంటేబుల్ వేయదు, టీవీ ప్రకటనలు తీయదు. అవన్నీ పెద్దలు చేసి, ఫలితానికి మాత్రం పిల్లను నిలదీయడం న్యాయం కాదు. కాబట్టి ఈ ప్రణాళికను ఒప్పుకున్న ఇంట్లోగానీ బడిలోగానీ ఎవరినీ 'లడ్డూ' అనీ 'బొండాం' అనీ పిలవరు. క్లాసులో అందరి ముందూ బరువులు చదవరు. చూసిన బరువును తల్లిదండ్రులకు విడిగా చెబుతారు. అన్న పకోడీలు తింటుంటే చెల్లెలి ముందు కీరా ముక్కలు పెట్టే పద్ధతి ఉండదు. మార్చేదేదో ఇంటిల్లిపాదికీ మారుస్తారు.

ఎదిగే పిల్లలకు చాలాసార్లు బరువు తగ్గించాల్సిన పనే ఉండదు. ఉన్న బరువు అలాగే నిలిస్తే, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క దానంతటదే సర్దుకుంటుంది. నెలకు ఇన్ని కిలోలు తగ్గిస్తామనే పొడులను, కషాయాలను పిల్లల దరిచేరనీయకూడదు.

వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిన గుర్తులు మాత్రం పెద్దలకు తెలిసి ఉండాలి. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే చాలా ఇళ్లలో దాన్ని మట్టి అనుకుంటారు. ఆదివారం తలంటు రోజున శనగపిండితో, పీచుతో ఎర్రబడేదాకా రుద్దుతారు. అది మట్టి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న సంగతి అది. రాత్రిళ్లు గురక, పగలు మగత కూడా పట్టించుకోవాల్సినవే. ఎత్తు ఆగిపోయి బరువే పెరుగుతుంటే థైరాయిడ్ వంటి హార్మోన్ లోపాలు ఉన్నాయేమో చూడాలి. ఎత్తు కూడా చక్కగా పెరుగుతున్న పిల్లల్లో అలాంటి కారణాలు అరుదు.

ఇంటి సంగతికొస్తే, బొద్దుగా ఉంటేనే ముద్దు అన్న నమ్మకం ఇంకా గట్టిగానే ఉంది. 'ఇంకొక్క ముద్ద' కోసం చేతికి ఫోనిచ్చి, బొమ్మ చూస్తుండగా నోట్లో పెట్టడం ఇప్పటి అలవాటు. కడుపు నిండిందన్న సంగతి పిల్లకు తెలియకుండా ఆ ధ్యాసలోనే మరుగున పడిపోతుంది. చాలన్నప్పుడు ఆపడం, తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టడం ఖర్చు లేని పనులు.

చక్కెర లెక్క కొంచెం చూడాలి. విడిగా కలిపే చక్కెర రోజువారీ శక్తిలో పది శాతం మించకూడదనీ, ఐదు శాతం లోపుంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1500 కేలరీలు తినే పిల్లకు పది శాతమంటే సుమారు 37 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ సీసాలో దాదాపు 30 గ్రాములుంటుంది. పండ్ల రసమూ ఈ లెక్కలోకే వస్తుంది, పండు రాదు. పాలలో కలిపే పొడుల్లోని చక్కెర కూడా ఈ లెక్కలోదే. వాటిని 'హెల్త్ డ్రింక్స్' వరుసలోంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు సూచించింది. వంటింటి డబ్బాల మీది నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇదంతా తిండి తగ్గించమన్న పిలుపు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అధిక బరువున్నవాళ్లు 3.4 శాతం, అంతకు ముందు సర్వేలో వాళ్లు 2.1 శాతమే. రెండు సమస్యలూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి. బడి భోజనంలో గుడ్డు, పప్పు తగ్గించే ఏ ఆలోచననూ ఈ ప్రణాళిక ఒప్పుకోదు.

బడి విషయంలో చట్టం ఇప్పటికే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న ఆహారాన్ని బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధనలు చేసింది. అయినా లాంగ్ బెల్ కొట్టగానే పిల్లలు పరుగెత్తేది ఐదు రూపాయల ప్యాకెట్ల దండలు వేలాడే బడ్డీ కొట్టు దగ్గరికే. ఆ కొట్టతని పొట్ట కొట్టడం పరిష్కారం కాదు. గుగ్గిళ్లు, జామకాయలు, ఉడికించిన మొక్కజొన్న, పల్లీ పట్టీ అమ్మేలా అతన్ని ఒప్పించి, బడి కూడా తన వేడుకలకు అతని దగ్గరే కొనాలి. పుట్టినరోజున చాక్లెట్లు పంచడం, గెలిచిన జట్టుకు కూల్ డ్రింకులు పోయించడం ముందుగా ఉపాధ్యాయులే మానాలి.

గ్రౌండ్ సంగతి ఇంతకంటే పెద్దది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. తెలుగు పట్టణాల్లో ఎన్నో ప్రైవేటు బడులు అపార్టుమెంటులాంటి భవనాల్లో, రోడ్డుకు ఆనుకుని నడుస్తున్నాయి. గ్రౌండ్ ఉన్నచోట పీఈటీ పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు. పదో తరగతిలోనైతే అడగను కూడా అడగరు. పిల్లలకు రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. ఆట పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వకూడదు. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలు గట్టున కూర్చుని స్కోరు రాసేవాళ్లుగా మిగలకుండా వాళ్లకంటూ గ్రౌండ్‌లో సమయం కేటాయించాలి. హాస్టళ్లలో తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు నిద్రను తింటున్నాయి. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండు. చిలీ 2016 నుంచి చేస్తున్నట్టు చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ ముందువైపున, చదవడం వచ్చీరాని పిల్లకు కూడా తెలిసేలా నల్ల గుర్తు వేయాలి. కూల్ డ్రింకుల మీద ఇప్పుడున్న 40 శాతం జీఎస్టీకి చక్కెర ఎంతుందన్న దానితో సంబంధం లేదు. బ్రిటన్ 2018లో చక్కెర మోతాదును బట్టి పన్ను వేయగా కంపెనీలే చక్కెర తగ్గించుకున్నాయి. ఇక్కడా పన్నును అలా మార్చాలి.

ప్రణాళిక అమలును ఏడాదికోసారి సమీక్షిస్తారు. ఎంతమంది పిల్లలు సన్నబడ్డారన్నది అందులో ప్రశ్న కాదు. గేటు దగ్గర ఏం అమ్ముతున్నారు, వారంలో ఎన్ని ఆట పీరియడ్లు నిజంగా జరిగాయి, తాగునీటి కుళాయి పనిచేస్తోందా అని చూస్తారు. ఆటల పోటీలకైనా, సభలకైనా కూల్ డ్రింక్, ప్యాకెట్ ఆహార కంపెనీల స్పాన్సర్‌షిప్ తీసుకోరు.