సూక్ష్మజీవి పరిశోధకుల పరిషత్తు

మన ప్రేవులలోని సూక్ష్మజీవులు ఆహారము జీర్ణమగుటకును, రోగనిరోధమునకును తోడ్పడునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కాని 2022లో ప్రకటితమైన పరిశీలననుబట్టి, ఏ దేశమువో తెలిసిన నమూనాలలో నూటికి 71కి పైగా ఐరోపా, అమెరికా సంయుక్త రాష్ట్రములు, కెనడాలవే. లోకజనులలో పాతికవంతుకు మించిన దక్షిణ, మధ్యాసియాలకు దక్కినది 1.8 మాత్రమే! జొన్నసంకటియు, గోంగూరయు, మజ్జిగయు భుజించువారికి పరదేశపు లెక్కలతో చికిత్స నిర్ణయించుట యుక్తమా?

1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థవంటివి పూనుకొని, దక్షిణదేశ శాస్త్రజ్ఞులను ప్రాంతీయ పరిషత్తునకు చేర్పవలయునని కోరుచున్నాము. పూలమాలలతో ముగియు సభ వలదు. నమూనాలను సేకరించి భద్రపరచు పద్ధతి యొక్కటి కానియెడల ఒకరి ఫలితమును మరియొకరి ఫలితముతో పోల్చుట దుర్లభము. ఆ పద్ధతిని నిర్ణయించుటయే ప్రథమకర్తవ్యము. నమూనాల నిచ్చిన పల్లెజనులకు ఫలితములను తెలుగున తెలుపుట రెండవది. మన దేహమును మనమెరుగుటకు పరుల వాకిట నిలువనేల?