విదేశీ మార్కెట్లు చవక ధరకు లొంగవు

భారతీయ ఔషధ కంపెనీలు, ముఖ్యంగా హైదరాబాదు కేంద్రంగా ఎదిగినవి, అమెరికా మార్కెట్లో నిలదొక్కుకున్నాయంటే అందుకు చవకగా తయారుచేయగల నేర్పే కారణమన్న అభిప్రాయం వ్యాపార పత్రికల్లోనూ, వాణిజ్య సంఘాల సభల్లోనూ, మేనేజ్‌మెంట్ పాఠాల్లోనూ ఎదురులేకుండా చలామణి అవుతోంది. దాని వెన్నంటే మరో అభిప్రాయం నడుస్తుంది: పరాయి దేశపు చట్టాలు ఆ విజయానికి అడ్డుగోడలనీ, వాటి సంగతి లాయర్లు చూసుకుంటారనీ, యాజమాన్యం మనసు పెట్టవలసింది ఖర్చు మీద, ఉత్పత్తి మీద మాత్రమేననీ. మొదటిది సగం సత్యం. రెండోది పూర్తిగా తప్పు, నష్టం తెచ్చే తప్పు కూడా.

పేటెంటు రక్షణ లేని మందును అదే రసాయనంతో మరో కంపెనీ తయారుచేసి రసాయన నామంతో అమ్మితే దాన్ని జెనరిక్ అంటారు. అమెరికాలో ఈ జెనరిక్‌ల మార్కెట్ దానంతట అది పుట్టలేదు. 1984కు ముందు అక్కడ నకలు మందు తేవాలన్నా భద్రతను, ప్రభావాన్ని రుజువు చేసే పరీక్షలను చాలా సందర్భాల్లో మళ్లీ మొదటి నుంచి జరపవలసి వచ్చేది. ఆ సంవత్సరం వచ్చిన హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం ఆ భారాన్ని తీసేసి, మూల ఔషధం రక్తంలో కలిసే తీరుకు కొత్త మాత్ర తీరు సమానమని, అంటే జీవసమానత ఉందని, చూపితే చాలునంది. ఈ పద్ధతిలో పెట్టుకునే సంక్షిప్త దరఖాస్తునే పరిశ్రమలో ఏఎన్‌డీఏ అంటారు. డాక్టరు బ్రాండు పేరు రాసినా మందుల షాపులో జెనరిక్ ఇచ్చే వీలును రాష్ట్రాల చట్టాలు కల్పించాయి. ఈ రెండూ లేకపోతే హైదరాబాదులో తయారైన మాత్ర ఎంత చవకైనా అమెరికా రోగి చేతికి చేరే దారే ఉండేది కాదు. ఆ మాటకొస్తే ఇక్కడ ఆ చవకదనం సాధ్యమైందీ చట్టం వల్లనే: మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన 1970 నాటి భారత పేటెంట్ల చట్టం నీడలోనే, 2005లో ఉత్పత్తి పేటెంట్లు తిరిగి వచ్చేదాకా, మన రసాయన శాస్త్రజ్ఞులు కొత్త దారుల్లో పాత మందులు చేయడం నేర్చుకున్నారు.

అసలు లాభం ఎక్కడ పుడుతుందో చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. అదే 1984 చట్టంలో నాలుగో పేరా ధ్రువీకరణ అనే ఏర్పాటు ఉంది: మూలకంపెనీ పేటెంటు చెల్లదని గానీ, తన మందు దాన్ని ఉల్లంఘించదని గానీ ప్రకటిస్తూ అందరికన్నా ముందు దరఖాస్తు పెట్టిన జెనరిక్ కంపెనీకి 180 రోజుల పాటు ఇతర జెనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే హక్కు దక్కుతుంది. 2001 ఆగస్టులో, ఎలై లిల్లీ కంపెనీ ప్రోజాక్ పేరుతో అమ్మే ఫ్లూక్సెటిన్‌కు సంబంధించి హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సంపాదించిన హక్కు ఇదే. ఒక భారతీయ కంపెనీకి అలాంటిది దక్కడం అదే మొదలు. అందులో గమనించవలసింది మోతాదు. ఎక్కువగా అమ్ముడయ్యే 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ మీద హక్కు అమెరికన్ కంపెనీ బార్‌కు పోయింది, డాక్టర్ రెడ్డీస్‌కు వచ్చింది 40 మిల్లీగ్రాములది. ఒక్కో మోతాదును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విడి ఉత్పత్తిగా లెక్కిస్తుందన్న నిబంధనలోంచి వచ్చిన అవకాశమది. ఆ 180 రోజులూ పోటీదారులను దూరంగా ఉంచింది చట్టం. గడువు ముగిసి పదిమంది ప్రవేశించాక ధర కుప్పకూలుతుంది, తయారీదారుకు మిగిలేది స్వల్పం. చవక ధర ఒక్కటే ఆయుధమైన ఆ దశలో భారతీయ కంపెనీలు ఒకదాన్నొకటి కోసుకోవడమే జరుగుతోంది.

చట్టాన్ని వ్యాపారంలో భాగంగా చూసిన కంపెనీకి కూడా చదివిన అర్థం నిలబడకపోతే ఏమవుతుందో అదే సంస్థ ఎదుర్కొన్న మరో కేసు చూపుతుంది. రక్తపోటు మందు ఆమ్లోడిపిన్‌ను ఫైజర్ బెసిలేట్ అనే లవణ రూపంలో అమ్మేది. డాక్టర్ రెడ్డీస్ మాలియేట్ అనే వేరే లవణంతో మందు తయారుచేసి, 2003లో ముగియవలసి ఉండగా 2006 దాకా పొడిగింపు పొందిన ఫైజర్ పేటెంటు, ఆ అదనపు కాలంలో ఫైజర్ అమ్ముతున్న లవణానికే పరిమితమని వాదించింది. కింది కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. 2003లో నియంత్రణ సంస్థ అనుమతీ చేతికొచ్చింది. 2004 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడి, క్రియాశీల పదార్థమంటే దాని ఏ లవణమైనా, ఏ ఎస్టర్ అయినా అందులో చేరుతుందని చట్టంలోనే ఉందని తీర్పిచ్చింది. మందు సిద్ధంగా ఉన్నా, అనుమతి ఉన్నా, ఒక నిర్వచనం దగ్గర అంతా ఆగిపోయింది.

జర్మనీ పాఠం ఇంకా కఠినమైనది. 2006లో డాక్టర్ రెడ్డీస్ 48 కోట్ల యూరోలకు బీటాఫార్మ్ అనే జర్మన్ జెనరిక్ కంపెనీని కొన్నది. ఆ కంపెనీ విలువంతా డాక్టర్లలో దానికున్న పేరులో, వాళ్ల దగ్గరికి తిరిగే ప్రతినిధుల బలగంలో ఉంది. 2007 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆరోగ్య బీమా సంస్కరణ ఆ విలువకే గండి కొట్టింది: బీమా నిధి ఏ కంపెనీతో రాయితీ ఒప్పందం చేసుకుంటే, మందుల షాపు మామూలుగా ఆ కంపెనీ మందే ఇవ్వాలి. నిధులు టెండర్లు పిలిచాయి, ధరలు పడిపోయాయి, కొన్న విలువలో పెద్ద భాగాన్ని డాక్టర్ రెడ్డీస్ తన ఖాతాల్లో నష్టంగా రాసుకోవలసి వచ్చింది. చివరికి ధరే గెలిచింది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కానీ ధరకు ఆ బలాన్నిచ్చింది బెర్లిన్‌లో చేసిన చట్టం. అంతకు ముందురోజు వరకు అదే మార్కెట్లో డాక్టరుతో పరిచయానికే ఎక్కువ బలం ఉండేది.

ఇక తరచుగా వినిపించే ఫిర్యాదు అమెరికన్ ఎఫ్‌డీఏ తనిఖీల గురించి. తనిఖీ ముగిశాక అధికారులు లోపాల జాబితాను ఫారం 483 రూపంలో ఇస్తారు. జవాబు తృప్తికరంగా లేకపోతే హెచ్చరిక లేఖ, తీవ్రమైతే సరుకును రేవులోనే ఆపే దిగుమతి హెచ్చరిక వస్తాయి. మాత్రల్లో దోషం ఒక్కటీ దొరకకపోయినా నిషేధించారనీ, ఇది స్వదేశీ కంపెనీల రక్షణకు పన్నిన పన్నాగమనీ ఇక్కడ కోపంగా మాట్లాడతారు. కానీ అమెరికా ఆహార, ఔషధ చట్టం మాత్రను పరీక్షించి ఊరుకోదు. తయారీ పద్ధతి నిబంధనలకు లోబడి లేకపోతే, మాత్రలో లోపం ఉన్నా లేకున్నా, ఆ మందు కల్తీదేనని 501వ సెక్షన్ చెబుతుంది. దిగుమతి సరుకు విషయంలో ఉల్లంఘన ఉన్నట్టు కనిపిస్తేనే చాలు, తిప్పిపంపవచ్చు. ఈ నియమం కఠినమైనదే. లక్షల మాత్రల్లో ప్రతిదాన్నీ విరిచి పరీక్షించడం అసాధ్యం కనుక, రికార్డే రోగికి మిగిలే ఏకైక హామీ. వెనక్కి తేదీ వేసి నింపిన రిజిస్టరు, చెరిపేసిన పరీక్షా ఫలితం ఆ హామీని చంపేస్తాయి. 2013 మేలో భారతీయ కంపెనీ రాన్‌బాక్సీ అమెరికన్ శాఖ నేరం ఒప్పుకుని, కంపెనీ 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించిన వ్యవహారంలో తప్పుడు సమాచారం సమర్పించడం కూడా ఉంది. దాన్ని పన్నాగమనడం ఆ మందు మింగిన రోగుల పట్ల అన్యాయం.

మూలకంపెనీలు చిన్నచిన్న మార్పులకు పేటెంట్లు పేర్చి, దావా వేయగానే జెనరిక్ అనుమతిని 30 నెలల వరకు ఆపే నిబంధనను వాడుకుని ఆలస్యం చేస్తాయన్నది వాస్తవమే. అయితే ఏ దేశమైనా తన ప్రయోజనం చూసుకునే చట్టం రాసుకుంటుంది. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ క్యాన్సర్ మందు గ్లివెక్‌కు పేటెంటు నిరాకరిస్తూ భారత సుప్రీంకోర్టు ఆధారం చేసుకున్నది, తెలిసిన మందుకు ప్రభావం పెంచని కొత్త రూపానికి పేటెంటు ఇవ్వరాదనే మన పేటెంటు చట్టంలోని 3(డి) సెక్షన్‌నే. ఆ రోజు ఇక్కడ అది న్యాయంగా తోచింది, న్యాయమే కూడా. ఇతర దేశాల చట్టాలను అదే గౌరవంతో చదవాలి.

కనుక పరాయి దేశంలో కంపెనీని కొనాలన్నా, సరుకు పంపాలన్నా, ఆ దేశపు చట్టం, నియంత్రణ లోతుగా తెలిసినవారికి నిర్ణయం జరిగే డైరెక్టర్ల బోర్డులోనే చోటివ్వాలి. ధర ఖరారై, ఒప్పందం కాగితాలు సిద్ధమయ్యాక వాళ్లను పిలిచే అలవాటును మన కంపెనీలు మానుకోవాలి.