స్విచ్చికి బదిలీ

మా ఇంట్లో బట్టల అలమరాకు జీర్ణోద్ధరణ జరిపించాలని మా ఆవిడ సంకల్పించి మూడేళ్ళయింది. సంకల్పం ఆవిడది, వాయిదాలు నావి. విశాఖపట్నంలో, అందులోనూ సముద్రానికి దగ్గరగా కాపురముండేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి తలుపుల బందులు తుప్పు పడతాయి. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది. పట్టుచీర మడత విప్పితే ముక్కవాసన! ఈసారి వడ్రంగి రానే వచ్చాడు. అలమరా ఒక అడుగున్నర వెడల్పు చేస్తే చీరలు వేలాడదీసుకోవచ్చునన్నాడు. ఆవిడ మురిసిపోయింది.

చిక్కు ఆ అడుగున్నరలోనే ఉంది. గదిలో దీపం స్విచ్చి సరిగ్గా ఆ గోడమీదే ఏడిసింది.

"దానికేటుంది బాబూ! సెక్కకి సిల్లెట్టేస్తాను. సెయ్యెట్టి నొక్కుకోడవే" అన్నాడు వడ్రంగి.

నాకీ సలహా భేషుగ్గా తోచింది. పైసా ఖర్చు లేదు కదా!

"చీకట్లో చీరల మధ్య చెయ్యి పెట్టి తడుముకోవడానికి నేనేమన్నా దొంగనా?" అన్నది మా ఆవిడ.

మర్నాడు కరెంటు మేస్త్రీని పిలిచాను. అతడూ ఆవిడ పక్షమే చేరాడు. స్విచ్చి నొక్కినప్పుడు లోపల చిన్న రవ్వ పుడుతుందిట. స్క్రూ వదులైతే వేడెక్కుతుందిట. చుట్టూ ఎండుచెక్కా, బట్టలూ పెట్టుకుని ఆ ముచ్చట వద్దన్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెయ్యి పడేచోట, గొళ్ళెం వేపు గోడకు మార్చమన్నాడు.

మెయిను కట్టేసేముందు అతడొక పని చేశాడు. స్విచ్చి ఆర్పి, చెక్క బల్ల ఎక్కి, బల్బు ఊడదీసి, హోల్డరులో టెస్టరు పెట్టాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది!

"బాబుగారూ! ఈ దీపం ఆర్పినాక కూడా మినుకుమంటాదా?"

అనదూ మరి! ఎల్.ఇ.డి. బల్బు రాత్రిళ్ళు ఆర్పినా సన్నగా వెలుగుతూండేది. మా పిల్లలు దానికి మిణుగురు అని పేరు పెట్టారు. కంపెనీవాడి గొప్పతనం గాబోలునని నేననుకున్నాను.

సంగతేమిటంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గోడ నానిపోయి స్విచ్చిబోర్డు మార్పించాం. ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. పనివాడు దొరకడమే గగనం. దొరికినవాడు, రెండు తీగలదీ ఒకే రంగు కావడంతో, ఫేజు తీగకు వేయవలసిన స్విచ్చిని న్యూట్రలుకు వేసి చక్కాపోయాడు. వీధి తలుపు బార్లా తెరిచి పెరటి తలుపుకు తాళం వేసినట్లన్నమాట. దీపం ఆరుతుంది. 230 వోల్టులు మాత్రం హోల్డరులో కూర్చునే ఉంటాయి.

ఈ పదేళ్ళలో, స్విచ్చి ఆర్పాను కదా అన్న ధీమాతో, ఉత్తకాళ్ళతో ఇనప స్టూలెక్కి, ఎన్నిసార్లు బల్బు మార్చానో!

"నిరుడు దీపావళికి అబ్బాయిచేత మార్పించారు. మీరు కింద స్టూలు పట్టుకున్నారు" అన్నది మా ఆవిడ. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు. అంటేనే బాగుండుననిపించింది.

పాత పెట్టెలోనే అతుకు వేసి కొత్తచోటికి తీగ లాగితే చవకలో పోదా అని, సిగ్గు విడిచి, మళ్ళీ అడిగాను. అతుకు ఎప్పుడూ విప్పి చూసుకునేచోట ఉండాలనీ, అలమరా వెనక సమాధి చేయకూడదనీ అన్నాడు మేస్త్రీ. వెలుగుతున్న ప్లగ్గులో టెస్టరు పనిచేస్తోందో లేదో చూసుకుని, అప్పుడు మెయిను కట్టేశాడు. పైనున్న జంక్షను పెట్టెనుంచి తిన్నగా కిందికి గాడి కొట్టి, గొట్టం పెట్టి, అతుకులేని కొత్త తీగలు దించాడు. ఫేజుకు ఎరుపు, న్యూట్రలుకు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించమన్నాడు. దానికి మాత్రం నేను బేరమాడలేదు.

అలమరా పూర్తయింది. మిణుగురు పోయిందని మా చిన్నది రెండ్రోజులు అలిగింది. గాడి పూడ్చినచోట గోడ రంగు వేరుగా కనబడుతోందిట. గదంతా మళ్ళీ రంగు వేయించాలని ఆవిడ కొత్త సంకల్పం. కొలతలకు మనిషి ఆదివారం వస్తున్నాడు.