గంప కింది కోళ్లకూ టీకా కావాలి

పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,

ఎండలు ముదిరితే ఊళ్లో కొక్కెర తెగులు భయమే. నిన్నటిదాకా పెంటకుప్ప గెలికిన పెట్ట ఇవాళ రెక్కలు వాల్చి మూలన కునుకుతుంది. నోరు తెరిచి గురగురమంటుంది, ఆకుపచ్చగా పారుకుంటుంది. మెడ మెలితిరిగిందంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. పసుపు, వెల్లుల్లి, మందుల షాపులో తెచ్చిన టెట్రాసైక్లిన్... ఇది వైరస్, వీటికి లొంగదు.

మందు లేకపోయినా టీకా ఉంది. 5–7 రోజుల పిల్లకు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, 8 వారాలప్పుడు ఆర్‌2బి సూది. చిక్కల్లా సీసాతోనే. 100 కోళ్లకు సరిపోయే సీసా, ఐసులోనే ఉంచాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. నాలుగు కోళ్లున్న ముసలమ్మ దాన్నేం చేసుకుంటుంది?

అందుకే మనవి. వేసవికి ముందే చాటింపు వేయించి, తెల్లారి గంపలెత్తకముందే వీధి మొత్తానికి ఒకేసారి టీకా వేయించండి. పదింటికి వస్తే కోడీ దొరకదు, పట్టిచ్చే మనిషీ దొరకదు (కూలికి పోయుంటారు). చచ్చిన కోడిని కాలవలో పారెయ్యకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టమని కూడా అదే చాటింపులో చెప్పించండి.

ఇట్లు,
ఒక పెరటి కోళ్ల పెంపకందారు