అలవాటైంది ఎవరికి?

"మా పిల్లలకి ఏడాది నిండేసరికే గుడ్డ తడిపే పనే లేదమ్మా!" మన గుంటూరు వైపు ఈ మాట పడని కోడలు ఉండదనుకుంటాను. పిల్లల డాక్టరుని అడిగితేనేమో, "తొందరేముంది, రెండేళ్ళు రానివ్వండి" అంటారు. ఇంట్లో పెద్దావిడ మాట వినాలా, డాక్టరు మాట వినాలా? మధ్యలో నలిగేది చంటిపిల్ల తల్లే.

నన్నడిగితే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పని గురించి కాదు.

మన అమ్మమ్మలు ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు పాదాల మీద పిల్లని కూర్చోబెట్టుకుని, నోటితో "ఉస్స్..." అని చప్పుడు చేసేవారు. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి, స్నానానికి ముందు ఒకసారి. కడుపులో పాలు పడగానే పేగులు కదులుతాయని వాళ్ళకి ఏ పుస్తకమూ చెప్పలేదు, చూసి తెలుసుకున్నారు. పిల్ల మొహం ఎర్రబడినా, ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా బిగుసుకుపోయినా చటుక్కున ఎత్తుకునేవారు. అంటే, ఏడాదికే పిల్లకి అలవాటైందన్న మాటలో సగం అలవాటు పెద్దావిడది. వేళ కనిపెట్టడం ఆవిడ నేర్చుకుంది.

డాక్టరు చెప్పే రెండేళ్ళ లెక్క వేరు. వస్తోందని పిల్ల తనంతట తానే గుర్తుపట్టాలి. కాసేపు ఆపుకోగలగాలి. మాటతోనో సైగతోనో చెప్పాలి. నిక్కరు కిందికి లాక్కోవాలి. ఇది పిల్ల నేర్చుకునే పని, దానికి వయసు రావాల్సిందే. అమెరికాలో బ్రేజిల్‌టన్ అనే పిల్లల డాక్టరు 1962లో 1,170 మంది పిల్లల వివరాలు చూపించి, పిల్లలు సిద్ధమయ్యేదాకా ఆగమని రాశారు. అక్కడ అంతకుముందు చాలా చిన్న వయసులోనే, గట్టిగా బలవంతపెట్టి నేర్పే పద్ధతి ఉండేది. ఆయన వద్దన్నది ముఖ్యంగా ఆ బలవంతాన్ని. 1977లో అదే వైద్య పత్రికలో మరో వ్యాసం వచ్చింది. తూర్పు ఆఫ్రికాలోని డిగో తల్లులు పుట్టిన కొన్ని వారాల నుంచే పిల్లల్ని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, నోటితో చప్పుడు చేసి అలవాటు చేస్తారనీ, ఆరు నెలలలోపే పిల్లలు ఆ చప్పుడుకి అందుకుంటారనీ దాంట్లో ఉంది. మన పీట ముచ్చటే కదా ఇది!

కాబట్టి తొందరగా మొదలుపెట్టడం మోటు పద్ధతీ కాదు, ఆగడం బద్ధకమూ కాదు.

ఇక్కడ మనం మాట్లాడుకోని విషయం ఒకటుంది. ఆ రోజుల్లో మట్టి వాకిలి ఉండేది, దండెం నిండా ఎండ ఉండేది, మెత్తబడ్డ మంగళగిరి నేత చీరలు చింపితే బోలెడు పొత్తిగుడ్డలు వచ్చేవి. అన్నిటికంటే ముఖ్యంగా చేతులుండేవి. తల్లి పత్తి తీతకో మిరప కోతకో వెళితే పిల్లని చూసేది అత్తగారో, బడి మానిన పెద్దపిల్లో. కారం పట్టిన చేతులతో ఇంటికొచ్చిన తల్లి, స్నానం చేసేదాకా పిల్లని ముట్టుకోలేకపోయేది. ఆ "ఏడాదికే" వెనకాల ఎంతమంది ఆడవాళ్ళ నడుములున్నాయో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇప్పుడు మంగళగిరిలోనో తాడేపల్లిలోనో అయిదో అంతస్తులో, బాల్కనీలో రెండు తీగలతో, పగలంతా ఒక్కతే ఉండే అమ్మాయిని పట్టుకుని "మా కాలంలో అయితేనా" అంటే ఎలా? ఆ చేతులు ఇవ్వకుండా ఆ ఫలితం అడగడం అన్యాయం. అందుకే ఈసారి ఎవరైనా ఆ మాటంటే, నవ్వుతూనే, "అయితే అత్తయ్యా, రేపు పొద్దున్న మీరు కూర్చోబెట్టండి, నేను చూసి నేర్చుకుంటాను" అనండి. పిల్ల తండ్రికీ ఒక వేళ అప్పగించండి. "ఉస్స్" అనడానికి మగవాళ్ళ నోరేం అడ్డు రాదు.

నా ఓటు మాత్రం తొందరగా మొదలుపెట్టడానికే. పిల్ల నిలకడగా కూర్చోవడం వచ్చాక, ఏడెనిమిది నెలలకి, రోజుకి ఒకటి రెండుసార్లు చాలు. నిద్ర లేచాక, పాలు తాగాక రెండు మూడు నిమిషాలు. వస్తే సరే, రాకపోతే మాట్లాడకుండా ఎత్తుకోవడమే. మన ఎండాకాలంలో పగలు కొన్ని గంటలైనా డైపరు తీసేస్తే ఒళ్ళు ఒరుసుకుపోకుండా పిల్లకీ హాయి. ప్రయాణంలోనో, రాత్రిపూటో, మీకు ఒంట్లో బాగోలేని రోజో డైపరు వేస్తే తప్పేం లేదు. రాత్రి పక్క తడపకుండా ఉండటం మనం నేర్పేది కాదు, ఒళ్ళు ఎదిగితే వచ్చేది. అయిదేళ్ళదాకా పక్క తడిపే పిల్లలు చాలామందే ఉంటారు.

ఇంకో మాట. చంటిపిల్లల దొడ్డికి దోషం లేదని మురిక్కాలవ పక్కన కూర్చోబెట్టడం, డైపరుతో సహా చెత్తలో పడేయడం మానాలి. వాళ్ళ మలంతోనూ జబ్బులొస్తాయి. ముందు దాన్ని మరుగుదొడ్లో వేసి, తర్వాతే డైపరుని కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. ఆ పైన సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తొందరగా మొదలుపెట్టండి కానీ పందెం పెట్టుకోకండి. పక్కింటి పిల్లతో పోల్చి, "మళ్ళీ తడిపావా, వాత పెడతా" అని బెదిరిస్తే పిల్ల ఆపుకోవడం మొదలుపెడుతుంది. ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటుంది. అలా ముక్కి ఏడుస్తున్నా, రక్తం కనిపించినా నేర్పడం ఆపేసి డాక్టరుకి చూపించండి.

నిక్కరు తడిసినప్పుడు పిల్ల ముందుగా చూసేది మన మొహం వైపే. కోపం కనిపిస్తే రేపు తలుపు చాటున దాక్కుంటుంది. కనిపించకపోతే, ఏదో ఒక రోజు తనే వచ్చి మన కొంగు పట్టుకుని లాగుతుంది.