స్క్వేర్ వేవ్‌కి ఆంప్లిఫయరా, స్విచ్చా?

"మామా, 200 వోల్టుల ఆంప్లిఫయర్ గుజరాతీ గల్లీల దొరుకుతదా?"

పొద్దున్నే మేనకోడలి ఫోన్. ఈసీఈ ఫైనల్ ఇయర్, రివ్యూకి పది రోజులే ఉంది. పీజో బిళ్ల వణుకుతుంటే నీళ్లను కొంచెం కొంచెంగా తోసే బుల్లి పంపు చేస్తోంది. దానికి సెకనుకు 100 సార్లు సున్నా నుంచి 200 వోల్టులకి ఎగిరి, దిగే స్క్వేర్ వేవ్ కావాలి.

ఇద్దరం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగాం. అక్కణ్నుంచి కోఠి గుజరాతీ గల్లీకి నడిచిపోవచ్చు. కానీ ముందు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆగుదామన్నా. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది కదా, మాలాంటి వాళ్లను చాలామందినే చూసుంటుంది. ఓ పక్కన కూర్చుని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాం.

"షాపాయన్నే అడిగితే చెప్తడు కదా మామా?"

చెప్తాడు. కానీ లోడ్ ఏంటో మనకే తెలియకపోతే ఆయన మాత్రం ఏం చెప్తాడు? కాలేజీలో నేనూ ఇలాగే తొందరపడ్డా. ఆడియో ఆంప్లిఫయర్ కొని, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ని తిప్పి తగిలించా. వోల్టేజీ వచ్చింది, స్క్వేర్ రాలేదు. చదునుగా ఉండాల్సిన పైభాగం జారుడుబల్లలా వాలిపోయింది, అంచులు గిలగిలా ఊగాయి. పాకెట్ మనీ పోయింది.

పీజో బిళ్లంటే కరెంటు లెక్కలో ఓ కెపాసిటర్. తన బిళ్ల మీటర్‌లో 20 నానోఫారడ్లు చూపించిందట. 200 వోల్టుల అంచు 10 మైక్రోసెకన్లలో ఎక్కాలంటే మైక్రోసెకనుకు 20 వోల్టులు. దీన్నే స్లూ రేట్ అంటారు. దాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే కరెంటు: 0.4 ఆంపియర్. అంచు 1 మైక్రోసెకన్లోనే ఎక్కాలంటే 4 ఆంపియర్లు! సగటున మాత్రం సప్లై ఇచ్చేది 0.4 మిల్లీఆంపియరే. మేనకోడలు చూసుకున్నది ఆ సగటునే. మోసం జరిగేది అక్కడే. స్క్వేర్ వేవ్ కరెంటంతా అంచుల్లోనే తాగేస్తుంది, మిగతా టైమంతా నిద్రపోతుంది.

ఆన్‌లైన్‌లో పీఏ85 అనే హై వోల్టేజ్ ఆంప్లిఫయర్ చిప్ చూసి పెట్టుకుంది. 450 వోల్టుల సప్లై దాకా తట్టుకుంటుంది, మైక్రోసెకనుకు 1000 వోల్టుల స్లూ రేట్. అదిరింది కదా? కింద ఇంకో లైను చదవమన్నా. నిలకడగా ఇచ్చే కరెంటు 200 మిల్లీఆంపియర్లు. దాన్ని తన బిళ్లతో భాగిస్తే మైక్రోసెకనుకు 10 వోల్టులే. అంటే 200 వోల్టులు ఎక్కడానికి 20 మైక్రోసెకన్లు. డేటాషీట్‌లో 1000, మన బిళ్ల మీద 10.

"మరి ఇంకా పెద్దది కొనాల్నా?"

అప్పుడడిగా, మధ్యలో 73 వోల్టులు ఎప్పుడైనా కావాలా అని. ఆలోచించింది. "వద్దు. సున్నా, 200. అంతే."

అయితే ఆంప్లిఫయర్ ఎందుకు? రెండే మెట్లకి స్విచ్ చాలు. సైన్ వేవో, ఇష్టమొచ్చిన ఆకారమో కావాలంటే ఆంప్లిఫయర్ తప్పదు. తన పనికి రెండు ఐఆర్‌ఎఫ్ 840 మాస్‌ఫెట్లు, వాటిని నడిపే ఐఆర్ 2110, బిళ్లకి సిరీస్‌లో 220 ఓముల రెసిస్టర్ సరిపోతాయి. ఆ రెసిస్టర్‌తో అంచు దాదాపు 10 మైక్రోసెకన్లకి వస్తుంది, మొదటి దెబ్బ కరెంటు 1 ఆంపియర్ దాటదు. రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి ఆన్ అయితే సప్లై షార్ట్ అవుతుంది కాబట్టి మధ్యలో చిన్న గ్యాప్ ఉండాలి. అది కోడ్‌లో పెట్టుకుంటానంది.

ఇక్కడ నేను మేనమామనయ్యా. సప్లై మీద 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే స్విచ్ ఆపినా 200 వోల్టులు అలాగే కూర్చుంటాయి. దాని మీద అడ్డంగా 220 కిలోఓముల రెసిస్టర్ ఉంటే పదీ పన్నెండు సెకన్లలో ఖాళీ అవుతుంది. అయినా మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. ల్యాబ్‌లో సార్ లేకుండా ఆన్ చెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నా.

గల్లీలో షాపాయన మొదటి ప్రశ్న, "లోడ్ ఏంది?" మేనకోడలు గబగబా చెప్పేసింది. ఆయన తలూపి డబ్బా తీశాడు.

మొన్న స్కోప్ ఫొటో పంపింది. అంచులు నిటారుగా ఉన్నాయి. పంపు మాత్రం ట్యూబు దగ్గర కారుతోందట.