ఎండ మనది, పలక పరులది

వేసవిలో బోడుప్పల్ మేడకప్పులు పెనములవలె కాలును. ఆ ఎండనుండి విద్యుత్తు తీయు సిలికాను పలకలు ఇంటింటికి ఎక్కుచునేయున్నవి. కాని వాని తయారీలో ప్రతి దశయందును నూటికి 80 పాళ్లకు మించి చీనాదేశపు చేతిలో నున్నదని 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రకటించినది. చీనావారిపై అలిగి ప్రయోజనము లేదు. వారు పాటుపడిరి, మనము కొనుచున్నాము.

వేరొక త్రోవ కలదు. విద్యుత్తును ప్రసరింపజేయు ప్లాస్టిక్కులను కనుగొన్న హీగరు, మక్‌డయర్మిడ్, షిరకావా గారలకు 2000లో నోబెల్ బహుమానము లభించినది. అట్టి పాలిమరును సిరావలె రేకుపై పూసి సౌరఘటము చేయవచ్చును. పూత వెండ్రుక మందములో నూరవవంతైన నుండదు. ప్రయోగశాలలలో ఇట్టి ఘటముల దక్షత నేడు 19 శాతము దాటినది; అయితే అవి గోరంత ముక్కలు!

చిక్కంతయు మన్నికలో నున్నది. గాలి, తేమ, వెలుతురు పాలిమరును చెరచును. అదిగాక, పాలిమరునకును పారదర్శకమగు ఇండియము-తగరపు ఆక్సైడునకును నడుమ వాడుకగా పూయు పొర ఆమ్లగుణము కలది. తేమను పీల్చి ఆ విద్యుద్ద్వారమునే తినివేయును. దానికి మారుగా, గ్రాఫైటును రసాయనములతో మార్చి తీసిన గ్రాఫీను ఆక్సైడును 2010లో శాస్త్రజ్ఞులు పూసి చూచిరి. దక్షత ఇంచుమించు మునుపటియంతయే, సుమారు 3.5 శాతము, వచ్చినది. 2012లో దాని ఆమ్లభాగములందలి హైడ్రోజనును తీసి సీసియమును చేర్చగా, అదే పదార్థము రెండవ కొనయందు ఎలక్ట్రానులను గ్రహించు కొలువుకును కుదిరినది. గ్రాఫీను పేరు వినగానే అద్భుతమని వ్రాయు మిత్రులొక్కటి గమనింపవలెను: ఈ ఆక్సైడు విద్యుత్తును సరిగా పోనీయదు, పొర కొన్ని నానోమీటర్లు మించిన నష్టమే.

హైదరాబాదు సంస్థానమున 1944లో వెలసిన ప్రయోగశాలయే నేటి తార్నాక రసాయన సాంకేతిక సంస్థ. సౌరఘటములకు వలయు రంగులపై అచట కృషి జరిగినది. చేరువనే నాచారము కార్ఖానాలున్నవి. బోడుప్పల్ కప్పులును దూరము కావు. కావున ప్రభుత్వమువారు ద్రవ్యమొసగి, ఈ పూతపలకలను నాచారమున చేయించి, బోడుప్పల్ బడుల కప్పులపై రెండు వేసవులు, రెండు వానకాలములు ఉంచి పరీక్షింపవలెనని కోరుచున్నాము. నెలనెల వచ్చిన విద్యుత్తు లెక్కయు, ఏ పలక ఏ తేదీన ఏ కారణమున చెడినదో ఆ వివరమును, దాచక తెలుగున ప్రకటింపవలెను.